ఆకు ఉన్న చోటే ఆనవాలు

షార్జా నడిబొడ్డున ఉన్న రోలాకు ఆ పేరు ఒక చెట్టు వల్ల వచ్చింది. అక్కడివాళ్లు రోలా అని పిలుచుకున్న ఆ చెట్టు మన మర్రి. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో, షేక్ సుల్తాన్ బిన్ సఖర్ అల్ ఖాసిమీ షార్జాను ఏలుతున్న కాలంలో నాటారని చెప్పుకునే ఆ మర్రి, పండుగలకు జనం చేరే చోటుగా తరాలపాటు నిలిచి 1978లో నేలకొరిగింది. ఇప్పుడక్కడ రోలా స్క్వేర్ పార్కు ఉంది, చెట్టు జ్ఞాపకంగా కట్టిన స్మారకం ఉంది. ఒక ఊరి నడిమి చోటుకు పేరిచ్చినంత బాగా జనానికి తెలిసిన ఆ చెట్టును గుర్తుపట్టడానికి ఎవరికీ పువ్వు అవసరం రాలేదు. మర్రిపువ్వు పైకి కనపడనే కనపడదు. మనం కాయ అనుకునే దాని లోపలి గోడకు అంటుకుని, కంటికి ఆననంత చిన్నవిగా గుంపులు గుంపులుగా ఉంటాయి ఆ పూలు. పువ్వు కనిపించకుండానే కాయ కాసే ఇలాంటి చెట్లను మన పూర్వులు వనస్పతులని వేరే తరగతిగా లెక్కపెట్టారు. ఊడలు దిగే తీరు, దళసరి ఆకు, అడ్డంగా సాగే కొమ్మలు చూసి పసిపిల్లవాడు కూడా మర్రిని మర్రి అంటాడు. ఇంత పెద్ద చెట్టుకు పనికొచ్చిన పద్ధతి కుండీలో పెరిగే చిన్న పొదకు వచ్చేసరికి మనకు ఎందుకో గుర్తుకు రాదు. పూసినప్పుడు చూద్దాంలే అని ఊరుకుంటాం. పూల మొక్కను, అందులోనూ ఆకు రాల్చే పూల పొదను, పువ్వు కంటే ఆకుతోనూ పెరిగే తీరుతోనూ గుర్తుపట్టడమే నమ్మదగిన దారి.

రోలా చుట్టుపక్కల తెలుగువాళ్లు ఉండే అపార్ట్‌మెంట్లకు ఈ మాట ముఖ్యంగా ఎడారి గులాబి విషయంలో వర్తిస్తుంది. నర్సరీలవాళ్లు అడీనియం అంటారు. పేరులో గులాబి ఉన్నా దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది గన్నేరు కుటుంబపు మొక్క. తక్కువ నీటితో, మండే ఎండలో, ఇరుకు కుండీలో బతకగలదు కాబట్టి గల్ఫ్ బాల్కనీలకు సరిగ్గా సరిపోతుంది. కడియం, కడియపులంక నర్సరీల్లోనూ దీనికి మంచి గిరాకీ ఉంది. చిక్కల్లా ఏమిటంటే, దీని గులాబిరంగు అయిదు రేకుల పువ్వు దూరం నుంచి అచ్చం గన్నేరు పువ్వులాగే ఉంటుంది. ఆకులు రాల్చుకుని మొండి కొమ్మలతో నిలబడ్డప్పుడేమో చిన్న దేవగన్నేరు మొక్కలాగా ఉంటుంది. పూసినప్పుడు ఒకదానితో, మోడుగా ఉన్నప్పుడు మరొకదానితో కలిసిపోయే మొక్క ఇది. ఈ మూడింటినీ విడదీయడం తెలిస్తే పొదలను గుర్తుపట్టే విద్యలో చాలా భాగం వచ్చేసినట్టే.

విడదీయడం ఎందుకన్న ప్రశ్నకు రెండు గట్టి సమాధానాలున్నాయి. ఒకటి, ఆకు రాలడమనే ఒకే సంఘటనకు ఒక్కో మొక్కలో ఒక్కో అర్థం. గన్నేరు ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొద. అది ఆకులన్నీ రాల్చిందంటే వేరుకో కాండానికో ఏదో ముప్పు వచ్చిందని. ఎడారి గులాబి చలికో నీటి ఎద్దడికో ఆకు రాల్చిందంటే విశ్రాంతికి పోయిందని. ఆ సంగతి తెలియక, ఎండిపోతోందన్న జాలితో రోజూ నీళ్లు పోస్తే దాని ఉబ్బిన కాండం కుళ్లిపోతుంది. మొక్కను చంపేది చాలాసార్లు కరవు కాదు, ఆ జాలి. రెండోది విషం. గన్నేరులో ప్రతి భాగమూ గుండె లయను దెబ్బతీసే విషాన్ని మోస్తుంది. యూఏఈలో అబుదాబి వ్యవసాయ, ఆహార భద్రత సంస్థ 2024లో గన్నేరు పెంపకాన్నీ అమ్మకాన్నీ నిషేధించింది. అదే ఏడాది కేరళలో గన్నేరు వల్ల ఒక మరణం జరిగిందన్న వార్తల తర్వాత తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్య ప్రసాదాల్లో ఆ పువ్వు వాడకాన్ని ఆపించింది. ఎడారి గులాబి కూడా అమాయకమేమీ కాదు. ఆఫ్రికాలో వేటగాళ్లు బాణాల మొనలకు పూసిన విషాల్లో దీని రసమూ ఉంది. కాబట్టి గుర్తుపట్టాం కదా అని ఏ ఆకునూ నోట పెట్టడానికి లేదు. కానీ ఒక నిషేధాన్ని పాటించాలన్నా, పిల్లలున్న ఇంట్లో కుండీ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలన్నా ముందు మొక్క పేరు తెలియాలి.

ఈ పువ్వు మనల్నే కాదు, పండితులనూ తికమక పెట్టింది. డెన్మార్క్ రాజు పంపగా 1761లో అరేబియాకు బయలుదేరిన పరిశోధక బృందంలో పీటర్ ఫోర్స్‌కాల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉన్నాడు. ప్రఖ్యాత లినేయస్‌కు శిష్యుడు. యెమెన్‌లో మొక్కలు సేకరిస్తూ 1763లో జ్వరంతో అక్కడే కన్నుమూశాడు. బృందంలో ప్రాణాలతో తిరిగి వెళ్లిన ఒకే ఒక్కడు కార్‌స్టెన్ నీబూర్. ఫోర్స్‌కాల్ రాతలను అతనే 1775లో అచ్చు వేయించాడు. అందులో ఎడారి గులాబి గన్నేరు ప్రజాతి కింద, నీరియం ఒబీసమ్ అన్న పేరుతో ఉంది. గురువు నేర్పిన పద్ధతిలో ప్రజాతి నిర్ణయం పువ్వు, కాయల నిర్మాణం మీద జరిగేది. రెండో మాట మాత్రం పొద ఆకారాన్ని బట్టి పెట్టింది: లావుపాటిది అని దాని అర్థం. 1819లో రోమర్, షుల్టెస్ అనే ఇద్దరు దీన్ని గన్నేరు నుంచి వేరుచేసి, యెమెన్‌లోని ఏడెన్‌ను తలపించే అడీనియం అన్న ప్రజాతిని ఏర్పరిచారు. పువ్వు వైపు నుంచి వచ్చిన మొదటి సగం చెరిగిపోయింది. కాండం చూసి పెట్టిన రెండో సగం నేటికీ చెక్కుచెదరలేదు. ఒక్క మొక్క చరిత్రతో సిద్ధాంతం రుజువైపోదు కానీ, అరేబియా ఎండలో ఆ మొక్క ముందు నిలబడ్డ మనిషికి ఏది ముందుగా, బలంగా కనిపించిందో ఇది చెబుతోంది.

ఇక ఆకు దగ్గరికి వద్దాం. ఆకు అనగానే చాలామంది దాని ఆకారం చూస్తారు, పొడవా గుండ్రమా అని. అంతకంటే ముందు చూడవలసింది అది కొమ్మ మీద ఎక్కడ పుట్టిందో. గన్నేరు కొమ్మను కింది నుంచి పైకి చూస్తే ఒకే కణుపు దగ్గర మూడేసి ఆకులు చుట్టూ తిరిగి ఉంటాయి. కొన్ని చోట్ల రెండు, అరుదుగా నాలుగు ఉండవచ్చు కానీ మూడే దాని అలవాటు. ఆకు కత్తిలా సన్నగా, పొడుగ్గా, తోలులా బిరుసుగా ఉంటుంది. నడి ఈనె పుటంగా లేచి, దాని నుంచి పక్క ఈనెలు దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా, ఇంచుమించు అడ్డంగా అంచుదాకా పోతాయి. ఎడారి గులాబిలో ఒక కణుపుకు ఒక్కటే ఆకు. అవి కొమ్మ చుట్టూ మెలికగా ఎక్కుతూ చివరకు వచ్చేసరికి దగ్గరపడి గుత్తిలా కనపడతాయి. ఆకు మొదట్లో సన్నగా మొదలై కొసవైపు వెడల్పు అవుతుంది, కొస గుండ్రంగా ఉంటుంది, పట్టుకుంటే కాస్త కండ తగులుతుంది. దేవగన్నేరులోనూ కణుపుకు ఒకటే ఆకు, కొమ్మ చివరే గుంపు. కానీ ఆకు ఎంతో పెద్దది, మూరెడుకు దగ్గరపడేవీ ఉంటాయి. దాని పక్క ఈనెలు అంచును తాకకుండా, అంచుకు కొంచెం లోపలగా పోయే మరో ఈనెలో కలుస్తాయి. ఆకును వెలుతురుకు ఎదురుగా చూస్తే అంచు వెంబడి గీత గీసినట్టు కనిపించే ఈ ఈనె ఎడారి గులాబిలో ఉండదు.

దేవగన్నేరుల మధ్యనే ఇంకో చక్కని రుజువు దొరుకుతుంది. యూఏఈ తోటల్లో తెల్లని రేకులూ పసుపు గొంతూ ఉన్న దేవగన్నేరులు ఒకటి కంటే ఎక్కువ జాతులవి కనిపిస్తాయి. పువ్వు ఒక్కదాన్నే చేతికిస్తే తోటమాలి కూడా తడబడవచ్చు. ఆకు ఇస్తే క్షణంలో తేలిపోతుంది. కొస సూదిగా ఉంటే రూబ్రా. ఇది చలికాలంలో పూర్తిగా ఆకు రాలుస్తుంది. కొస గుండ్రంగా, ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే అబ్టూసా. ఇది చాలామటుకు పచ్చగానే ఉంటుంది. ఆకు పైభాగం రెండువైపులా విచ్చుకుని పాము పడగలా ఉంటే పుడికా, ఇక సందేహమే అక్కర్లేదు. రంగు మీద మనిషి చెయ్యి చాలా పడింది. గులాబి, ఎరుపు, తెలుపు, ముద్దపువ్వు, చారల పువ్వు అంటూ నర్సరీలు ఏటా కొత్తవి దించుతున్నాయి, అడీనియంలో మరీనూ. ఎవరూ ఆకు అమరికను మార్చి అమ్మడానికి పూనుకోలేదు, దాన్ని ఎవరూ కొనరు కాబట్టి. మనిషి ఇష్టానికి లొంగని భాగమే సాక్ష్యానికి పనికొస్తుంది.

ఆకు రాల్చే పొదను ఆకుతో గుర్తుపట్టమనడం ఏం న్యాయం, రాలిపోయాక ఏం చూడాలి అని అడగవచ్చు. నా వాదనంతటికీ ఇరుసు ఈ ప్రశ్నే. ఆకు పడిపోతుంది, అది ఉన్న చోటు పోదు. ప్రతి ఆకు మొదట్లో, కాడకూ కొమ్మకూ మధ్యనున్న మూలలో ఒక మొగ్గ ఉంటుంది. కొత్త కొమ్మ పుట్టేది అక్కడి నుంచే. అంటే ఈ ఏడాది ఆకులు ఏ వరుసలో అమరాయో వచ్చే ఏడాది కొమ్మలు ఆ వరుసలోనే రావాలి. పొద ఆకారమంటే పాత ఆకుల అమరిక కట్టెగా మిగలడమే. ఈ మొక్కలన్నిటిలోనూ కొమ్మ పెరిగి పెరిగి చివర పూలగుత్తితో ఆగిపోతుంది. ఆపైన పెరగడానికి దానికి చోటు లేదు. అప్పుడు పూలగుత్తికి కాస్త కింద ఉన్న మొగ్గలు మేలుకుని కొమ్మ చీలుతుంది. అవి మళ్లీ పూసి ఆగి, మళ్లీ చీలతాయి. ఫ్రాన్సిస్ హాలే, రోలోఫ్ ఓల్డెమాన్ 1970లో వెలువరించిన గ్రంథంలో ఉష్ణమండలపు చెట్ల నిర్మాణ రీతులను వర్గీకరించారు; ఆ వర్గీకరణ మొత్తం ఇరవై మూడు రీతులకు చేరింది. ఇలా పూసి ఆగి చీలే రీతికి లీవెన్‌బెర్గ్ రీతి అని పేరు. గన్నేరు కుటుంబం మీద ఎన్నో ఏళ్లు పనిచేసిన డచ్చి శాస్త్రజ్ఞుడు ఆయన. దేవగన్నేరు ఈ రీతికి తరచుగా చూపే ఉదాహరణ.

మరి అన్నీ ఒకే రీతిలో పెరిగితే తేడా ఎలా తెలుస్తుంది? చీలే చోట తెలుస్తుంది. గన్నేరులో ఒకే కణుపు దగ్గర మూడు ఆకులుంటాయి కాబట్టి మూడు మొగ్గలూ ఒకే ఎత్తులో లేస్తాయి; కొమ్మ మూడు పాయలుగా చీలుతుంది. పూలు రాలిన గన్నేరులో ఈ మూడు పాయలను అడుగడుగునా చూడవచ్చు. ఎడారి గులాబిలో, దేవగన్నేరులో ఆకులు ఒక్కొక్కటే మెలికగా ఉంటాయి కనుక కొత్త కొమ్మలు కొంచెం ఎగుడుదిగుడుగా బయలుదేరతాయి. రెండు రావచ్చు, మూడు రావచ్చు, లెక్క కుదరదు. మోడుగా ఉన్న కొమ్మ మీద రాలిన ఆకుల మచ్చలు కూడా ఇదే సంగతి చెబుతాయి. దేవగన్నేరు కొమ్మ బొటనవేలంత లావుండి, కొస కూడా మొద్దుగానే ఉంటుంది. మచ్చలు పెద్దవి, వేలితో తడిమినా తెలుస్తాయి. ఎడారి గులాబి కొమ్మ కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది, మచ్చలు చిన్నవి, కాండం నేల దగ్గర సీసాలా ఉబ్బి ఉంటుంది. గన్నేరుకు ఉబ్బిన కాండం లేదు. నేల నుంచే అనేక కర్రలు నిటారుగా లేచి దుబ్బుకడతాయి. గిల్లి పాలు కారుతున్నాయో లేదో చూడాల్సిన పని ఇందులో ఎక్కడా లేదు, చూడకూడదు కూడా. ఈ కుటుంబపు రసం కంటికి తగిలితే మంచిది కాదు.

ఆకు రాల్చడాన్నే గుర్తుగా పెట్టుకోకూడదా అంటే, రోలాలో ఆ గుర్తు పనికిరాదు. షార్జాలో ఏడాదికి పడే వాన పది సెంటీమీటర్లకు అటూఇటూ. జనవరి రాత్రుల్లో చలి పన్నెండు, పద్నాలుగు డిగ్రీలకు దిగినా పగలు ఎండ వెచ్చగానే ఉంటుంది. ఎడారి గులాబి సహజంగా పెరిగే ఒమన్ దక్షిణ కొండల్లోనో యెమెన్‌లోనో వాన ఎప్పుడు ఆగితే అప్పుడు ఆకు రాలుతుంది. నాలుగో అంతస్తు బాల్కనీలో దాని వానాకాలం ఇంట్లోవాళ్లు నీళ్లు పోసే అలవాటును బట్టి ఉంటుంది. ఒకే నర్సరీలో కొన్న రెండు మొక్కల్లో ఒకటి నిండా ఆకులతో, మరొకటి మోడుగా ఉండటం అందుకే. ఇది ఒక్క ఎడారి గులాబి గుణమే కాదు. దానిమ్మ రైతులకు ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు. నెలా నెలన్నర నీళ్లు ఆపి, చెట్టు చేత ఆకు రాల్పించి, తర్వాత తడి ఇచ్చి ఒక్కసారిగా పూతకు తెస్తారు. చల్లని దేశాల్లో శీతకాలానికి ఆకు రాల్చే ఆ చెట్టే మన వేడి నేలల్లో నీళ్లు అందినంతకాలం పచ్చగా ఉంటుంది. ఆకురాల్చే గుణం మొక్కకూ చోటుకూ మధ్య కుదిరే ఒప్పందం, చోటు మారితే మారుతుంది. ఆకు అమరిక మారదు. రెండిటిలో దేన్ని నమ్మాలో వేరే చెప్పక్కర్లేదు.

దానిమ్మ మాట వచ్చింది కనుక గోరింట గురించి ఒక మాట. రెండూ ఒకే కుటుంబంవి, రెండూ పొదలే, రెండింటికీ ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి, రెండింటి ముదురు రెమ్మలూ కొసన ముల్లుగా తేలతాయి. పూత లేనప్పుడు కంచెలో పక్కపక్కన ఉంటే కొత్తవాళ్లకు తికమకే. కానీ దానిమ్మ లేత రెమ్మ ఎర్రగా ఉంటుంది, ఆకు నిగనిగలాడుతుంది, పొట్టి రెమ్మల మీద ఆకులు కుచ్చులుగా చేరతాయి. గోరింటాకు నిగారింపు లేనిది. నలిపి కాసేపు ఉంచితే చెయ్యి పండుతుంది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకునే మన ఆడవాళ్లలో గోరింట పువ్వు ఎలా ఉంటుందో చెప్పగలిగినవాళ్లు కొందరే ఉంటారు, చెట్టును గుర్తుపట్టలేనివాళ్లు ఉండరు. కరివేపాకు, తమలపాకు, మునగ, వేప, మారేడు అన్నీ మనం ఆకుతో ఎరిగినవే. వండుకోవడానికీ వైద్యానికీ పూజకూ అవసరమైన మొక్కల్లో ఆకును నమ్మినవాళ్లం అలంకారం కోసం పెంచే మొక్క దగ్గరికి వచ్చేసరికి పువ్వుకు లొంగిపోయాం.

శాస్త్రజ్ఞులు ఇప్పటికీ పువ్వు చూడకుండా జాతి తేల్చరు కదా అన్న అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. అడీనియంను గన్నేరు నుంచి వేరుచేయడంలో పూల లోపలి నిర్మాణానికి వాటా ఉంది. గన్నేరు పువ్వు గొంతులో చీలికలు చీలికలుగా కుచ్చు లాంటి అంచు ఉంటుంది, ఎడారి గులాబిలో అలాంటిది ఉండదు. దగ్గరగా పరీక్షించేవాడికి పువ్వు అబద్ధం చెప్పదు. అయితే శాస్త్రజ్ఞుడు అడిగే ప్రశ్న వేరు. లోకంలోని మొక్కలన్నిటిలో దీనికి చుట్టాలెవరు అన్నది అతనికి కావాలి. చుట్టరికాన్ని చూపడంలో పువ్వుది పెద్ద చెయ్యే. ఇప్పుడు జన్యు పరీక్ష కూడా తోడైంది. ఇంటివాళ్లకు కావలసింది ముందున్న నాలుగైదు మొక్కల్లో ఇది ఏది అన్న జవాబు, అదీ ఈ రోజే, పూసేదాకా ఆగకుండా. పైగా పువ్వు మనకు దూరం నుంచి రంగుగానే కనపడుతుంది. గొంతులో కుచ్చు ఉందో లేదో చూసేంత దగ్గరికి వెళ్లే మనిషి కణుపు దగ్గర ఎన్ని ఆకులున్నాయో కూడా చూడగలడు.

ఆకు కూడా నిలకడైనది కాదంటారు కొందరు. నిజమే, నీడలో పెరిగిన ఆకు పెద్దది, ఎండలోది చిన్నది. లేత మొక్క ఆకు ముదురు మొక్క ఆకులా ఉండదు. అరేబియా రకపు అడీనియంలో ఆకులు మరింత వెడల్పు. అందుకే ఆకారాన్ని రెండో సాక్షిగానే పిలవాలి, అమరికను మొదటి సాక్షిగా. పెరిగే తీరులోనూ జాగ్రత్త అవసరం. విత్తనం నుంచి మొలిచిన ఎడారి గులాబికి కాండం బాగా ఉబ్బుతుంది. కొమ్మ నాటితే వచ్చిన మొక్కకు చాలాసార్లు ఆ ఉబ్బు అంతగా ఉండదు. కత్తిరించి గుండ్రంగా చేసిన గన్నేరులో సహజమైన ఆకారం పోతుంది, అప్పుడు కత్తెర అందని లోపలి కొమ్మలు చూడాలి.

ఫోన్‌కు చూపిస్తే చెబుతుంది కదా అంటే, ఫోన్‌కు మనం ఏం చూపిస్తే అది దాన్ని బట్టే చెబుతుంది. ఫ్రాన్స్ పరిశోధన సంస్థలు నడుపుతున్న ప్లాంట్‌నెట్ అనే యాప్‌లో ఫొటో ఆకుదా, పువ్వుదా, కాయదా, బెరడుదా, మొక్క మొత్తానిదా అన్న విభజన ఉంది. ఆ విభజన వెనకున్న తెలివిని వాడుకోవాలి. పువ్వు ఒక్కదాని ఫొటో తీసి జవాబు నమ్మేకంటే, రెండు మూడు కణుపులు స్పష్టంగా కనపడే కొమ్మ ఫొటో, కుండీ అంచు నుంచి కొసదాకా మొక్క మొత్తం ఫొటో తీస్తే యంత్రానికీ మేలు, ఆ ఫొటో చూసి చెప్పే మనిషికీ మేలు.

ఇవన్నీ కుదిరాక కూడా ఒక చిక్కు కేసు మిగులుతుంది. ఎడారి గులాబిని గన్నేరు మొదలుకు అంటుకట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఒకే కుటుంబం కాబట్టి అంటు పడుతుంది, గన్నేరు వేళ్లు ఎక్కువ తడిని తట్టుకుంటాయి. అలాంటి కుండీలో కింద గన్నేరు, పైన ఎడారి గులాబి. ఉబ్బిన కాండం ఉండదు, పువ్వు మాత్రం ఎడారి గులాబిది. అక్కడ అంటు అతికిన బొడిపెను వెతికి, దానికి పైన ఒక కణుపును, కింద ఒక కణుపును విడివిడిగా చూడాలి. కింది భాగం నుంచి లేచే పిలకల మీద ఆకులు మూడేసి చొప్పున వస్తుంటే అవి గన్నేరువే. వాటిని వదిలేస్తే పై భాగానికి అందవలసిన బలాన్ని లాగేసుకుని కొన్నాళ్లకు కుండీ అంతా గన్నేరే అవుతుంది. చేతికి తొడుగు వేసుకుని, లేతగా ఉన్నప్పుడే మొదలంటా తీసేయాలి.